సున్నా వేయాలా, గీత గీయాలా

ఏప్రిల్ ఇరవై ఏడో తేదీ, ఆదివారం పొద్దున పదీ పదికి, ఇక పాటలు కట్టనని మా మనవరాలు తేల్చి చెప్పింది. చెప్పింది నాతో కాదు. కడప నుంచి తొలి బస్సుకు వచ్చి, మా వంటింటి గడపలో కూర్చుని రెండో ప్లేటు ఉగ్గాని తింటున్న మా మనవడితో.

ఆమె నా కూతురి కూతురు, ఇరవై ఏళ్లది, కర్నూల్లోనే డిగ్రీ చివరి సంవత్సరం. అతను నా కొడుకు కొడుకు, ఇరవై అయిదేళ్లవాడు, కడపలో పెళ్లిళ్లకూ సభలకూ మైకులు అద్దెకిచ్చే దుకాణంలో పని. ఆమె నన్ను అవ్వా అంటుంది, అతను జేజీ అంటాడు. వాళ్లిద్దరూ వరసకు బావామరదళ్లు. ఆ వరసను తిట్టుకోవడానికి తప్ప మరి దేనికీ వాడరు. నేను కర్నూల్లో కూతురి దగ్గర ఉంటాను.

అతను వచ్చిన పని ఇది. మే పదకొండో తేదీ సాయంత్రం నాలుగింటికి, కడపలో ఒక కల్యాణ మండపంలో, ఎనిమిది మంది ర్యాప్ పాడేవాళ్లతో కార్యక్రమం పెట్టారు. ఒక్కొక్కరు ఇదివరకు ఎవరూ వినని పాట ఒకటైనా పాడాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. గోడలకు అంటించిన కాగితంలో మూడో పేరు మా పిల్లది. ఆ కొత్త పాట ఎంతవరకు వచ్చిందో విందామని వచ్చాడు.

"పాటా లేదు గీటా లేదు. నా పేరు కొట్టేయి బావా," అంది ఆమె.

"ఎందుకే?"

"నాలుగు చేసినా. నాలుగూ బాగుండాయి. ఈడికే ఆపేస్తే నాలుగు మంచి పాటలు చేసిన పిల్ల అని గుర్తుంటా. అయిదోది చెత్తగా వచ్చిందనుకో, మొదటి నాలుగూ గాలివాటుకు వచ్చినాయంటారు."

"ఇరవై ఏండ్లకే పింఛను తీసుకుంటావా? మా జేజి ముప్పై ఒక్క ఏండ్లు ఉద్యోగం చేసి తీసుకుంది."

అప్పుడు ఆమె అమెరికావాణ్ణి తెచ్చింది. నాలుగేళ్లు పాడి, మూడు ఆల్బమ్‌లు చేసి, చిన్న వయసులోనే చనిపోయిన గాయకుడట. ఇప్పటికీ అతన్ని మించినవాడు లేడంది. మనవడు దానికి మరొకణ్ణి తెచ్చాడు. ఇరవై ఆరేళ్లుగా పాడుతూనే ఉన్నాడు, పదకొండు ఆల్బమ్‌లు, జుట్టు నెరిసినా ఆపలేదు. గొప్ప అంటే అదన్నాడు. వాళ్ల పేర్లు నాకు సరిగ్గా పలకడం రాదు. కాబట్టి ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకడు పోయినోడు, ఇంకొకడు ఉండేటోడు.

"ఉండేటోడు మధ్యలో ఎన్ని పనికిమాలిన పాటలు చేసినాడో లెక్కుందా? పోయినోడు ఒక్కటన్నా చేసినాడా?"

"బతికింటే చేసింటాడు."

"చేయలేదు గదా. అదే గొప్ప."

"అది గొప్పనా? అది అదృష్టం."

"సావడం అదృష్టమా? నోరు కడుక్కోపో బావా."

"నేనంటాండేది అది కాదే. వాడు ఆపలేదు. వాన్ని ఆపేసినారు దేవుళ్లు. నువ్వు కాలూచేయీ బాగుండి ఆపుతాండావు. వానితో నీకు పోలికేంది?"

వంటింట్లో నుంచి మా కూతురు గరిటె పట్టుకుని వచ్చింది. "ఎవురో అమెరికాలో సచ్చిపోయినోని కోసం నా ఇంట్లో కొట్లాటేందిరా పొద్దున్నే? ఆ ప్లేటు ఇట్లియ్యి."

నేను మధ్యలోకి రాలేదు. కానీ మనవడు అన్న మాట నాకు పట్టుకుంది. ఆగిపోయినవాణ్ణీ ఆపుకున్నవాణ్ణీ ఒకే గళ్లో రాయవచ్చా? తక్కువ కాలం బాగా చేసినవాణ్ణీ, ఎక్కువ కాలం ఒడిదుడుకుల్లో చేసినవాణ్ణీ కొలవడానికి ఒకే గ్లాసు ఉంటుందా? కొలతలు నా పని కాబట్టి, తెలుసుకోవాలనిపించింది.

నా ఉద్యోగం పత్తికొండలో. రెవెన్యూ ఆఫీసు ఆవరణలో కంచె వేసిన చోట వాన కొలిచే డబ్బా ఉండేది. పైన గరాటు, లోపల సీసా. పొద్దున సరిగ్గా ఎనిమిదిన్నరకు మూత తీసి, సీసాలో నీళ్లను గీతల గ్లాసులోకి వంచి, గ్లాసును కంటికి సమంగా ఎత్తి పట్టుకుని మిల్లీమీటర్లు చూసి, రిజిస్టరులో రాసి, కర్నూలుకు ఫోనులో చెప్పాలి. ఇంకా చాలా పనులుండేవి, కానీ నాకు నా ఉద్యోగమంటే అదే. సెలవులకు వేరేవాళ్లు చూసినవి పోగా, నా చేతిరాతతో ఉన్న రోజులు తొమ్మిది వేల నూట పన్నెండు. వాటిలో చాలా భాగం సున్నాలే. మా పక్క వానలు ఎట్లా ఉంటాయో ఈ జిల్లాలవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

మా మనవరాలి నాలుగో పాట ఆ డబ్బా మీదే. కిందటేడు ఆగస్టు ఇరవై నాలుగున అందరికీ వినిపించింది. మొదటి పాట బస్టాండులో వెయిటింగు మీద, రెండోది 'మీదే ఊరు' అని అడిగి ఆ తర్వాత ఇంకేదో తెలుసుకోవాలని చూసే పెద్దమనుషుల మీద, మూడోది ఎండాకాలం నడిచి దాటగలిగే తుంగభద్ర మీద. అవి బాగున్నాయి. నాలుగోది మాత్రం పాకిపోయింది. కాలేజీలో ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి 'అవ్వ పాట' అని పిలిచేవాళ్లట. అందులో పదే పదే వచ్చే ముక్క ఇది:

ఎనిమిదిన్నర కొట్టేసరికి డబ్బా కాడ అవ్వ,
మూత తీస్తే లోపలంతా చుక్క కాదు, దువ్వ.
ముప్పై ఏండ్లు మొగులు సూసి మోసపోలేదప్పా,
ఒక్క రోజు తప్పలేదు, రాసినాదే గొప్ప.

మా పక్క దువ్వ అంటే దుమ్ము, మొగులంటే మబ్బు. మొదటిసారి విన్నప్పుడు, ముప్పై కాదు ముప్పై ఒకటి అన్నాను. "ముప్పై ఒకటి తాళంలో పట్టదవ్వా," అంది. నాలుగో పంక్తి గురించి ఏమీ అనలేదు. అనవలసింది.

ఆ పాట వచ్చిన నాటి నుంచి ఏప్రిల్ ఇరవై ఏడు దాకా రెండు వందల నలభై ఆరు రోజులు. ఆ రోజుల్లో ఆమె ఒక్క పాటా వినిపించలేదు. చదువు ఒత్తిడి అనుకున్నాను. ఆ ఆదివారం వాళ్ల కొట్లాట విన్నాక తెలిసింది, ఒత్తిడి చదువుది కాదు, నాలుగో పాటది.

మనవడు సాయంత్రం బస్సుకు కడప వెళ్తూ, "వచ్చే ఆదివారం మళ్లా వస్తా. అప్పుటికీ వద్దంటే పేరు కొట్టేస్తా. ఏం జేజీ, నువ్వే తీర్పు చెప్పు, ఇద్దర్లో ఎవురు గొప్ప?" అన్నాడు.

"వినకుండా ఎట్లా చెప్తాను? మొత్తం పెట్టించండి, వింటాను," అన్నాను.

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు.

పిల్లలు పాటల్ని వినే పద్ధతి నాకు నచ్చలేదు. బాగున్నవే ఏరుకుని వింటారు. రిజిస్టరును అట్లా చదివితే వాన పడిన రోజులే కనిపిస్తాయి, ఆ ఏడాది కనిపించదు. నేను తేదీ వరసలో విన్నాను. సోమవారం నుంచి శనివారం దాకా, కాఫీ తాగిన తర్వాత చెవుల్లో తీగలు పెట్టుకుని, నాలుగు రోజులు రోజుకు రెండేసి, చివరి రెండు రోజులు మూడేసి. మొత్తం పద్నాలుగు ఆల్బమ్‌లు. ఆ ఇంగ్లీషు నాకు అందే వేగం కాదు. ఏ పాట దేని గురించో మనవరాలు ఒక్కో పంక్తిలో రాసి ఇచ్చింది. కొన్నింటి ఎదురుగా 'నీకొద్దులే అవ్వా' అని మాత్రమే రాసింది. అవీ విన్నాను.

అర్థం తెలియకపోయినా వినడానికి చాలా ఉంది. ముఖ్యంగా ఊపిరి. పోయినోడు ఊపిరి ఎక్కడ పీలుస్తాడో నాకు దొరకలేదు. చేతి గడియారం పెట్టుకుని చూశాను, ఒకచోట పదమూడు సెకండ్లు ఆగకుండా చెప్పుకుపోయాడు. అయినా తొందర లేదు. డప్పు దెబ్బ పడిన తర్వాత రవ్వంత ఆగి మాట వేస్తాడు, వీధరుగు మీద కూర్చుని మాట్లాడుతున్న మనిషిలాగా. అట్లాంటి ఊపిరి నేను ఇంకొక్క చోటే విన్నాను. పత్తికొండ టమోటా మార్కెట్టులో గంపల వరస పక్కన నడుస్తూ వేలం అరిచే ఒకతను ఉండేవాడు. వినడానికే జనం నిలబడేవాళ్లు. రెండు సీజన్లు అరిచాడు, గొంతు పోయింది. అతని తర్వాత వచ్చినతను నేను రిటైరయ్యేదాకా ఉన్నాడు, అతను ఎట్లా అరిచేవాడో ఇప్పుడు గుర్తు తెచ్చుకోబోతే రాదు. ఇక్కడి దాకా ఆలోచించి, అయితే మనవరాలిదే సరేమో అనుకున్నాను.

కానీ ఉండేటోడు వేరే సంగతి. మొదటి ఆల్బమ్‌లో సన్నగొంతు, పరుగు. మూడోదానికి కుదురుకున్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది వినడానికి నాకే సిగ్గేసింది. ఎవరో చెప్పినట్టల్లా చేసిన పని. తొమ్మిదిలో గొంతు లావై, మాటలు తగ్గి, వేరే మనిషి వచ్చాడు. ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడని నాకు ఆశ్చర్యం. ఆ మూడు చెత్త ఆల్బమ్‌లలో ఎక్కడైనా జాడ ఉందేమోనని శనివారం రాత్రి వాటిని మళ్లీ విన్నాను. ఎనిమిదో దాంట్లో ఒకచోట, పాట అయిపోయిందనుకున్నాక, నాలుగు మాటలు నెమ్మదిగా అన్నాడు. అదొక్కటే దొరికింది.

నేను వింటున్నంతసేపూ మనవరాలు వచ్చి నా ముఖం చూసి పోయేది. "ఏమైందవ్వా, ఎవురు గెలుస్తాండారు?" అనేది.

"ఇంకా ఏడేళ్లు మిగిలున్నాయి. అయ్యాక చెప్తాను."

మే నాలుగు, ఆదివారం. మనవడు వచ్చేసరికి పట్టిక సిద్ధంగా ఉంది. వారం మధ్యలోనే మనవరాలికి చేతికీ, కడపలో ఉన్న మనవడికి ఫోనులోనూ పాటల జాబితాలు ఇచ్చి, ఒకరిది ఒకరు చూడకుండా, గొప్పవి అనుకున్నవాటికి టిక్కు పెట్టమన్నాను. ఇద్దరూ టిక్కు పెట్టినవే లెక్కలోకి తీసుకున్నాను. ఆ గాయకులిద్దరూ ఇంచుమించు ఒకే కాలంలో మొదలుపెట్టారు కాబట్టి ఒకే ఏడాది నుంచి గళ్లు గీశాను. ఇరవై ఆరు వరసలు. ఒకపక్క పోయినోడు, ఒకపక్క ఉండేటోడు.

"ఉండేటోనివి నలభై ఏడు. పోయినోనివి పంతొమ్మిది," అని చదివాను.

మనవడు చప్పట్లు కొట్టాడు. "అయిపాయె. ఏమ్మే, కొత్త పాట తియ్యి బయటికి."

"ఉండుండు," అంది మనవరాలు. "వానికి ఇరవై ఆరేండ్లు, ఈనికి నాలుగేండ్లు. ఏడాదికి ఎన్నో చెప్పవ్వా."

"అదీ వేశాను. ఉండేటోనికి ఏడాదికి ఒకటి పాయింట్ ఎనిమిది. పోయినోనికి సున్నా పాయింట్ ఏడు."

"సున్నా ఏడా? నాలుగేండ్లలో పంతొమ్మిది చేసినోనికి సున్నా ఏడు ఎట్లొస్తాది?" అని పట్టిక నా చేతిలోంచి లాక్కుంది. వేలు పెట్టి కిందికి దించుకుంటూ పోయింది. నాలుగు వరసలు దాటాక ఆమె వేలు ఆగింది. నా వైపు చూసింది.

"అవ్వా, సచ్చిపోయినాక కూడా సున్నాలు వేసినావే వానికి? ఇరవై రెండు సున్నాలు!"

నేను పట్టిక తీసుకుని చూశాను. నిజమే. నా చేత్తోనే, గుండ్రంగా, ఒకదాని కింద ఒకటి.

ఇది చిన్న తప్పు కాదు. వాన రిజిస్టరులో మొట్టమొదట నేర్పేది ఇదే. డబ్బా తెరిచి చూసి, నీళ్లు లేకపోతే సున్నా వేయాలి. తెరిచి చూడకపోతే సున్నా వేయకూడదు, గీత గీయాలి. సున్నా అంటే చూశాను, లేదు అని. గీత అంటే చూడలేదు, తెలీదు అని. సగటు కట్టేటప్పుడు సున్నా రోజుల్ని కలుపుకోవాలి, గీత రోజుల్ని వదిలేయాలి. చూడని రోజుకు సున్నా వేసి తెచ్చిన కొత్త గుమాస్తాలను నేను పదిమందిలో నిలబెట్టి కడిగిన రోజులున్నాయి. ఇప్పుడు చచ్చినవానికి ఇరవై రెండేళ్లు సున్నాలు వేసి, పనిచేయలేదని సగటు తగ్గించాను.

"గీతలు పెట్టి మళ్లీ వేస్తాను," అన్నాను. పంతొమ్మిదిని నాలుగుతో భాగించాను. ఏడాదికి నాలుగూ ముప్పాతిక.

ఈసారి చప్పట్లు మనవరాలివి. "సూసినావా బావా? ఒకటీ ఎనిమిది యాడ, నాలుగూ ముప్పాతిక యాడ! అందుకే ఆడికే ఆపాల."

"వాడు ఆపలేదంటే ఇంటావా లేదా నువ్వు?" అని మనవడు అరిచాడు. "జేజీ, ఉండేటోని మంచి నాలుగేండ్లు మాత్రం కలుపు."

కలిపాను. పద్దెనిమిది. ఒకటి తక్కువ. దాని మీద మళ్లీ అరగంట. ఆ నాలుగేళ్లలోనే ఇంకొక పాటకు మనవడు టిక్కు పెట్టబోయి పెట్టలేదట. మా కూతురు వచ్చి అన్నాలకు లేవమంటే లేవలేదు. వాళ్ల అరుపులు వింటూ నేను ఆ ఇరవై రెండు సున్నాలనే చూస్తున్నాను. నా చేయి అట్లా ఎందుకు వెళ్లిందో నాకు తెలుసు. ఒకసారి వెళ్లిన దారి అది.

మధ్యాహ్నం అన్నాలైన తర్వాత మనవడు బయటికి పోయాడు. మనవరాలు గదిలో పడుకుని ఫోను చూస్తోంది. నేను వెళ్లి మంచం అంచున కూర్చున్నాను.

"నీ నాలుగో పాటలో ఒక తప్పుంది," అన్నాను.

"ముప్పై ఒకటే గదా. ఎన్నిసార్లు చెప్తావవ్వా."

"అది కాదు. ఒక్క రోజు తప్పలేదు అన్నది."

ఆమె ఫోను పక్కన పెట్టింది.

ముప్పై ఎనిమిదేళ్లుగా ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను. వాళ్లమ్మకు తొమ్మిదేళ్లప్పుడు, జూలై నెలలో, టైఫాయిడ్ వచ్చింది. కర్నూలు ఆసుపత్రిలో పెట్టుకుని మూడు పొద్దులు నేను పత్తికొండలో లేను. నా బదులు చూడమని ఆఫీసులో ఒకరికి చెప్పి వచ్చాను, ఆయన చూడలేదు. నాలుగో రోజు పొద్దున ఎనిమిదిన్నరకు నేనే వెళ్లి తెరిచాను. సీసాలో ఆరు పాయింట్ రెండు మిల్లీమీటర్లు. అది ఏ రోజు పడిందో తెలీదు. ఒకే దెబ్బకు పడిందో, మూడు రోజులూ తుంపరగా పడిందో తెలీదు. నియమం ప్రకారం మూడు గీతలు గీసి, నాలుగో రోజు ఆరు పాయింట్ రెండు రాసి, ఇది నాలుగు రోజుల మొత్తం అని పక్కన రాయాలి. మర్నాడు తనిఖీకి అధికారులు వస్తున్నారు. అప్పటికి నా పేజీల్లో గీత లేదు. ఎనిమిదేళ్లు, ఒక్క గీత లేదు. మూడు సున్నాలు వేసి, కింద ఆరు పాయింట్ రెండు రాసి, సంతకం పెట్టాను.

"మొత్తం వాన లెక్క తప్పు కాదు," అన్నాను. "ఏడాది వాన సరిపోయింది. రోజులే తప్పు."

ఆమె వెల్లకిలా తిరిగింది. నాకు భయం వేసింది. ఆ పాట విని నన్ను మెచ్చుకున్నవాళ్లు ఎంతమందో నేను లెక్కపెట్టలేదు గానీ, అందరికంటే ముందు మెచ్చుకున్నది ఈమే.

తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నన్ను చూసి కాదు, పైకప్పు చూస్తూ.

"ఎనిమిది నెలలుగా ఆ పాటకు భయపడతాండా అవ్వా. దాంట్లో ఒక్క మాట తీసేదానికి లేదు, అంత సరిగ్గా కుదిరింది, ఇంకోటి అట్లా రాదు అని. అసలు పంక్తే తప్పంట!"

"నవ్వుతావేం? ఆ పంక్తి మార్చు."

"మారిస్తే పాట పడిపోతాది. 'గొప్ప'కు ముందు 'తప్ప' అని రావాల్సిందే."

"అబద్ధం మీద నిలబడేది నిలబడకపోతే ఏం?"

"నువ్వు నిలబెట్టలేదా ఎనిమిదేండ్ల పేజీలు?"

ఆమె లేచి తలగడ కింది నుంచి ఒక నోటుపుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది. చిన్నప్పుడు ఏది రాసినా పైన తేదీ వేయమని నేనే నేర్పాను. వేసింది. తేదీ, కింద ఒకటో రెండో పంక్తులు, వాటి మీద అడ్డంగా కొట్టివేత. పేజీ తర్వాత పేజీ. కిందటి ఆగస్టు ఇరవై నాలుగు నుంచి.

"ఇదీ నా ఎనిమిది నెలల పని. అంతా సున్నా."

నేను కళ్లద్దాలు సర్దుకుని తేదీలు లెక్కపెట్టాను. నలభై నిమిషాలు పట్టింది. ఆమె విసుక్కోకుండా పక్కన కూర్చుంది. ఆ రోజుకు మొత్తం రెండు వందల యాభై మూడు రోజులు. రాసి కొట్టేసిన రోజులు నూట తొంభై ఎనిమిది. అసలు పుస్తకం తెరవని రోజులు యాభై అయిదు.

"యాభై అయిదు గీతలు," అన్నాను. "నూట తొంభై ఎనిమిది సున్నాలు. ఆపేసినవాళ్ల పేజీ ఇట్లా ఉండదు."

"సున్నాలే గదవ్వా."

"సున్నా వేయాలంటే పోయి మూత తీయాల."

ఆమె పుస్తకం నా ఒళ్లోంచి తీసుకుంది. ఎప్పటిదో ఒక పేజీ తెరిచి, కొట్టేసిన పంక్తుల్ని పెదవులతోనే చదువుకుంది. సాయంత్రం మనవడు వచ్చి, "ఏం చేయమంటావే? కొట్టేయనా పేరు?" అని అడిగితే, "ఉండనీ. బాగుంటాదని మాత్రం చెప్పలేను," అంది.

"బాగుండాలని కాగితంలో వేయలేదులే. కొత్తది కావాలని వేసినాము," అన్నాడు.

శనివారం మేం ముగ్గురం, అంటే నేనూ కూతురూ మనవరాలూ, నంద్యాల మీదుగా కడప పోయాం. మనవడు తన గదిని పాటలు రికార్డు చేసుకునేలా మార్చుకున్నాడు. గోడలకు బొంతలు వేలాడదీశాడు, వాటిలో మూడు నేను కుట్టినవే. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపి, తలుపు బిగించి, కడప మే నెలలో ఆ ఇద్దరూ రెండు గంటలు లోపల ఉన్నారు. బయటికి వచ్చేసరికి బావిలో నుంచి తీసినట్టున్నారు. "మూడో పంక్తిలో ఊపిరి చాలడం లేదే నీకు," అని వాడు, "నీ బొంతలకు గాలి ఆడక," అని ఈమె.

ఆదివారం కార్యక్రమం నాలుగింటికి అని వేసి, నాలుగూ ముప్పై అయిదుకు మొదలైంది. కుర్చీలు పదిహేను వరసలు, వరసకు పద్నాలుగు. వెనక నిలబడినవాళ్లను లెక్కపెట్టడం కుదరలేదు. నాకూ మా కూతురికీ మొదటి వరసలో చోటిచ్చారు. మైకుల దగ్గర మనవడు.

మనవరాలు కొత్త పాట పాడింది. రాసింది రాసినట్టు కొట్టేసే ఒక అమ్మాయి మీద. మొదలు బాగుంది. మధ్యలో ఒకచోట ఊపిరి అందక రెండు మాటలు మింగేసింది. చివరి భాగం నాకు సాగినట్టు అనిపించింది. చప్పట్లు పడ్డాయి, మర్యాదకు పడేలాంటివి. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. చెమట తుడుచుకుంది. ఏమీ కానట్టే ఉంది.

అప్పుడు వెనక నుంచి అరుపులు. "అవ్వ పాట! అవ్వ పాట!"

నియమం ప్రకారం కొత్తది పాడేసింది కాబట్టి పాతది పాడవచ్చు. మనవడు రికార్డు చేసి ఉంచిన డప్పు వేశాడు. ఆమె మొదలుపెట్టింది. ఎనిమిదిన్నర వచ్చింది, దువ్వ వచ్చింది, ముప్పై ఏండ్లు వచ్చింది. నాలుగో పంక్తికి ఆమె నోరు మూసుకుంది. డప్పు మాత్రం నడుస్తోంది. అక్కడ అర పంక్తి ఖాళీ వదిలిపెట్టింది. ఎందుకో ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు.

కానీ ఖాళీ నిలవలేదు. పాట అందరికీ నోటికి వచ్చు. తమ కోసమే ఆపిందనుకున్నారు. హాలంతా ఒక్కసారిగా అరిచింది: "ఒక్క రోజు తప్పలేదు!"

మా కూతురు నా చేయి పట్టుకుని ఊపింది. "వింటాండావామ్మా?" ఆ మూడు రోజులూ ఆసుపత్రి మంచం మీద ఉన్నది తనే. నేను విన్నాను. అంతమంది గొంతుతో వినడం అదే మొదటిసారి.

ముక్క రెండోసారి వచ్చింది. ఈసారి మనవరాలు ముందే అరచేయి పైకెత్తి, వద్దన్నట్టు తల ఊపింది. జనం ఆగారు, కొందరు నవ్వారు. డప్పు నడుస్తుండగా ఆమె నా వైపు చూసి, చూపుడువేలితో గాలిలో అడ్డంగా గీసింది. ఒకటి, రెండు, మూడు. తర్వాత "రాసినాదే గొప్ప" అని అందుకుంది.

"రెండోసారి మర్చిపోయినట్టుంది జేజీ, అయినా బాగా సర్దుకుంది," అన్నాడు మనవడు తర్వాత.

"మర్చిపోలేదు," అన్నాను. మిగతాది ఆ పూటే మా కూతురితో చెప్పాను. ఆమె విని, "నా జ్వరం కోసం సున్నాలు వేసినావా," అని అడిగి, కాసేపటికి, "ఆ రోజు వాన పడినట్టే గుర్తు, కిటికీ కాడ," అంది. అది కర్నూలు వాన, పత్తికొండది కాదని చెప్పాను.

పోయినోడా, ఉండేటోడా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. పట్టిక సరిదిద్ది, రెండు సగటులూ పక్కపక్కన రాసి, మనవడికి ఒక ప్రతి ఇచ్చాను.

సోమవారం పొద్దున తిరుగు బస్సు. మైదుకూరు దాటాక మనవరాలు నోటుపుస్తకం తీసి, పైన మే పన్నెండు అని వేసి, రెండు పంక్తులు రాసింది. కుదుపులకు అక్షరాలు వంకరపోయాయి. చదువుకుని, మూతి తిప్పి, అడ్డంగా కొట్టేసింది. మూత తీసిన వేళ ఎంతో తెలియాలని నేను గడియారం చూశాను. తొమ్మిదీ అయిదు.